తెల్లారగట్ల చలికి, మధ్యాహ్నపు ఎండకు ఒకే జత

డిసెంబరు, జనవరి నెలల్లో పాలమూరు (మహబూబ్‌నగర్) రోడ్ల మీద ఒక్క రోజులోనే రెండు కాలాలు నడుస్తాయి. తెల్లారగట్ల ఇగం పెడుతుంది. కనిష్ఠ ఉష్ణోగ్రత మామూలుగా 15 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. ఉత్తర గాలి గట్టిగా వీచిన వారంలో 10 దాకా, కొన్ని మండలాల్లో ఇంకా కిందికి దిగుతుంది. అదే రోజు మధ్యాహ్నం జడ్చర్ల చౌరస్తాలో 28, 30 డిగ్రీల ఎండ కాస్తుంది. ఆఫీసుకు పోయేవాడికి ఇదేమంత ఇబ్బంది కాదు, పొద్దున స్వెట్టర్ వేసుకుని పదింటికి విప్పేస్తాడు. రోడ్డు సైకిల్ మీద వంద కిలోమీటర్లు పెట్టుకున్నవాడికే చిక్కు. స్వెట్టర్ విప్పి నడుముకు కట్టుకోగలడు గానీ బూట్లు విప్పి ఎక్కడ కట్టుకుంటాడు?

చలికాలపు సైకిల్ షూ గురించి ప్రచారంలో ఉన్న సలహాలు ఎక్కువగా ఐరోపా రోడ్ల మీద పుట్టినవి. అక్కడి చలి వేరు. 1980 ఏప్రిల్‌లో బెల్జియంలో జరిగిన లీజ్–బాస్టోన్–లీజ్ పందెంలో మంచు కురిసింది. 174 మంది బయలుదేరితే 21 మందే గమ్యం చేరారు. గెలిచిన బెర్నార్ ఇనోకు ఆ రోజు చేతివేళ్లలో పోయిన స్పర్శ ఆ తర్వాత పూర్తిగా తిరిగి రాలేదు. అలాంటి చోట చీలమండ పైదాకా వచ్చి, లోపల వెచ్చటి పొర, బయట నీరు చొరని పొర ఉన్న బూటు అవసరమే. షిమానో, నార్త్‌వేవ్, లేక్ వంటి కంపెనీలు అలాంటివి తయారుచేస్తున్నాయి. ఆ బూటు వేసుకుని కోదాడ నుంచి సూర్యాపేటకు తొక్కుకొస్తే మాత్రం తొమ్మిదింటికల్లా సాక్సు చెమటతో తడుస్తుంది, పదిన్నరకు పాదం ఉడుకుతుంది. ఏడాదిలో పది నెలలు ఆ ఖరీదైన జత అటక మీదే పడి ఉంటుంది.

దక్షిణ తెలంగాణ సైకిలిస్టుకు పనికొచ్చే పద్ధతి వేరు. ఏడాదంతా వాడుకునే మామూలు షూ ఒకటి బాగా కుదిరింది తీసుకోవాలి. చలికి దాని మీద తొడుక్కుని, ఎండెక్కగానే విప్పి జేబులో పెట్టుకోగలిగిన పొరలు కొన్ని చేర్చుకోవాలి. ఈ అధ్యాయంలోని లెక్కంతా ఆ రెండింటి చుట్టూ తిరుగుతుంది.

చలి ముందుగా వేళ్లనే ఎందుకు పడుతుంది

చలి తగలగానే శరీరం లోపలి అవయవాల వేడిని కాపాడుకోవడానికి చేతులు, కాళ్ల చివరి రక్తనాళాలను కుదించేస్తుంది. వెచ్చటి రక్తం వేళ్లకు చేరడం తగ్గుతుంది. నడిచేవాడి పాదం అడుగడుక్కీ వంగుతుంది కాబట్టి అక్కడి కండరాలు కొంత వేడి పుట్టిస్తాయి. సైకిల్ షూ అడుగు గట్టిది. తొడలు, పిక్కలు పనిచేస్తుంటే పాదం మాత్రం కదలకుండా కూర్చుంటుంది. పైగా ఎదురుగాలికి ముందు దొరికేది షూ ముక్కే. వేసవిలో గాలి ఆడటానికి పెట్టిన జాలీ, అడుగున ఉన్న రంధ్రాలు జనవరిలో అదే పని మరింత శ్రద్ధగా చేస్తాయి.

గాలి వేగం చలిని ఎంత పెంచుతుందో లెక్కగట్టడానికి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి ఒక సూత్రం వాడుతున్నాయి. దాని ప్రకారం 10 డిగ్రీల వాతావరణంలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి సుమారు 7 డిగ్రీల చలిలా అనిపిస్తుంది. సైకిల్ ఆ వేగంతో పోతుంటే బయట ఆకు కదలకపోయినా సైకిలిస్టుకు ఆ గాలి తగులుతూనే ఉంటుంది. సూత్రం కట్టింది ముఖం మీది చర్మానికే అయినా, జాలీ షూ తొడిగినవారికి అది ఒక సంగతి చెబుతుంది. ఇక్కడి చలిలో గాలిని ఆపితే సమస్యలో పెద్ద భాగం తీరుతుంది. మందపాటి అస్తరు గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

వేళ్లు మొద్దుబారడానికి మరో కారణం బిగువు. చలికాలమని రెండు జతల సాక్సులు తొడిగి, వాటి మీద వేసవి షూను లాగి బిగిస్తే రక్తప్రసారం ఇంకా తగ్గుతుంది. వెచ్చదనం కోసం వేసిన రెండో సాక్సే చలికి దారి తీస్తుంది. పాదం వేళ్లు లోపల ఆడుతూ ఉండాలి.

ఎవరి రోడ్డుకు ఏది

హైదరాబాద్ నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. పోయి వస్తే రెండు వందలు. దూరప్రయాణపు సైకిలిస్టులకు అది సరిగ్గా ఒక బ్రెవే, అంటే నిర్ణీత గడువులో పూర్తిచేయాల్సిన రైడ్. వీటికి వర్తించే ఆడాక్స్ నియమాల్లో 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. హైదరాబాద్ రాండన్నర్స్ వంటి క్లబ్బులు ఇలాంటి రైడ్లు నిర్వహిస్తుంటాయి. పొద్దున ఆరింటికి 200 మొదలుపెట్టినవారికి రాత్రి ఏడున్నర దాకా గడువుంటుంది. ఉదయపు చలి, మధ్యాహ్నపు ఎండ, పొద్దుగూకాక మళ్లీ చలి, మూడింటినీ ఒకే షూ మోయాలి. 300, 400 పెట్టుకుంటే రాత్రి కూడా రోడ్డు మీదే. నాలుగేళ్లకోసారి ఆగస్టులో జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ దూరప్రయాణానికి అర్హత సంపాదించేది కూడా ఈ బ్రెవేలతోనే. ఫ్రాన్స్‌లో ఆగస్టు రాత్రులు ఇక్కడి జనవరి తెల్లవారుజాముల కన్నా చల్లగా ఉండే వీలుంది కాబట్టి, పాలమూరు చలిలో పరీక్షించుకున్న సరంజామా అక్కడా అక్కరకొస్తుంది.

శ్రీశైలం దారిది ఇంకో తీరు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఈ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. తొందరగా చేరినవారు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సిందే. అప్పటిదాకా తొక్కి చెమట పట్టిన పాదం, నిలబడ్డ పది నిమిషాల్లో చల్లబడుతుంది. దోమలపెంట దాటాక కృష్ణ వైపు దిగే ఘాట్‌లో తొక్కే పని ఉండదు, బ్రేకు పట్టడమే. కాళ్లకు పని లేదు, గాలి మాత్రం ఎక్కువ. ఈ దారిలో పోయేవారికి షూ మీద తొడిగే కవరు ఎక్కడానికన్నా దిగడానికే అవసరం.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు చలికి పొగమంచు తోడవుతుంది. పొలాల మీది తేమతో రోడ్డు పక్క గడ్డి ఎనిమిదింటి దాకా తడిగానే ఉంటుంది. నార్కట్‌పల్లి మీదుగా పోయే విజయవాడ హైవే మీద కూడా కొన్ని ఉదయాలు ముందున్న లారీ కనబడదు. ఇక్కడ పొడి సాక్సుకు, వెనక మెరిసే పట్టీకి విలువ ఎక్కువ.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద పోయేవారూ 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటే పోతారు. కాశ్మీరు చలికి కావలసిన బూటు పెబ్బేరు ఎండకు పనికిరాదు. అన్ని ఊళ్లకూ సరిపోయే ఏర్పాటు విడదీసుకోగల పొరలతోనే సాధ్యం.

అందుకే దుకాణానికి పోయే ముందు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోవడం మంచిది: బయలుదేరే వేళ, తిరిగొచ్చే వేళ, మధ్యలో ఎంత నడక ఉంటుంది, సైకిల్‌కు ఉన్న పెడల్ ఏ రకం. చలి సంగతి ఊహ మీద వదలనక్కర్లేదు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల ద్వారా మండలాలవారీ కనిష్ఠ ఉష్ణోగ్రతలు వెల్లడిస్తుంది. తన దారిలోని మండలాల అంకెలు ఒక వారం గమనిస్తే కొనాల్సింది ఎంతో, వదిలేయాల్సింది ఎంతో తేలిపోతుంది.

పెడల్ తేలితే సగం పని అయినట్టే

మంచు మీద జారే స్కీలకు బూటును పట్టి ఉంచే బైండింగులు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్, ఆ పరిజ్ఞానాన్నే 1984లో సైకిల్ పెడల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది ఇనో ఆ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. షూ అడుగున బిగించి పెడల్‌కు తగిలించే మూడు బోల్టుల క్లీట్ అక్కడి నుంచి వచ్చింది. 1990లో షిమానో రెండు బోల్టుల ఎస్‌పీడీ తెచ్చింది. ఇందులో చిన్న లోహపు క్లీట్ సోల్ లోపలికి ఒదిగి ఉంటుంది కాబట్టి మామూలు బూటులా నడవొచ్చు. మూడు బోల్టుల క్లీట్ వెడల్పుగా బయటికి పొడుచుకుని ఉంటుంది. తొక్కేటప్పుడు బలం చక్కగా పంచుతుంది గానీ, నాలుగడుగులు నడిస్తే జారుతుంది, అరుగుతుంది.

ఈ తేడా చలికాలంలో మరీ పట్టించుకోవాల్సింది. వరి కోతల తర్వాత నల్లగొండ జిల్లా రోడ్ల అంచున వడ్లు ఆరబోస్తారు. గడ్డి, పొట్టు మంచుకు తడిసి జారుతుంటాయి. బండరాయి పరిచిన టీ హోటలు మెట్లు తెల్లవారుజామున తడిగా ఉంటాయి. తుమ్మముల్లు, పల్లేరుకాయ ట్యూబులో దిగితే చేలగట్టు మీద సైకిల్ పట్టుకుని నడవాలి. కాబట్టి బ్రెవేలకు, ఊళ్ల మీదుగా తిరిగేవారికి రెండు బోల్టుల షూ సుఖం. ఇంటి నుంచి బయలుదేరి ఆగకుండా అరవై, డెబ్బై కిలోమీటర్లు తొక్కి తిరిగొచ్చేవారు మూడు బోల్టులది తీసుకోవచ్చు. మధ్యలో నడవాల్సి వస్తుందనుకుంటే దాని క్లీట్‌కు తొడిగే రబ్బరు మూత జేబులో వేసుకోవాలి.

క్లీట్ బిగించేటప్పుడు పాదం పక్కకు కొంచెం కదిలే వీలుందో లేదో చూడాలి. షిమానో మూడు బోల్టుల ఎస్‌పీడీ–ఎస్ఎల్ క్లీట్లలో ఎరుపుకు కదలిక లేదు, నీలానికి 2 డిగ్రీలు, పసుపుకు 6. సాక్సు మందం మారినప్పుడు పాదం కూర్చునే తీరూ కాస్త మారుతుంది, ఆ తేడాను మోకాలి మీద పడనీయకుండా పసుపు సర్దుకుంటుంది. రెండు బోల్టుల వాటిలో ఎస్‌హెచ్56 రకం అనేక దిక్కుల్లో ఊడి వస్తుంది. చలికి కాళ్లు మొద్దుబారినప్పుడు కొత్తవారికి అది భరోసా.

సోల్ విషయంలో కార్బన్ మోజు ఇక్కడ అక్కర్లేదు. నైలాన్ సోల్ కాస్త బరువు, కాస్త మెత్తన. ధర తక్కువ, చలికి ఏమీ తీసిపోదు. ఏ సోల్ అయినా క్లీట్ బోల్టుల దగ్గర పలుచగా ఉంటే అక్కడి నుంచి చల్లదనం పైకి తగులుతుంది. వాటి మీద కాస్త మందం ఉన్న ఇన్‌సోల్ వేసుకుంటే సరిపోతుంది.

క్లీట్లు లేకుండా తొక్కేవారు ఈ జిల్లాల్లో ఎంతోమంది. పాలు పోసేవారు, పేపరు వేసే పిల్లలు, మిల్లుకు పోయే కూలీలు హవాయి చెప్పులతోనే చలిలో బయలుదేరతారు. వారికి ప్రత్యేక షూ అవసరం లేదు. అడుగు చదునుగా ఉన్న కాన్వాసు బూటు, లేసుల కొసలు చైన్‌లో పడకుండా లోపలికి దోపుకోవడం, ఒక మందపాటి సాక్సు చాలు. చెప్పులే వేసుకోవాలంటే బొటనవేలు విడిగా ఉండే సాక్సులు చలికాలంలో సంతల్లోనూ దొరుకుతాయి.

కొలత సాయంత్రం తీయాలి

పాదం పగలంతా కొద్దికొద్దిగా ఉబ్బుతుంది. అందుకే షూ కొలత సాయంత్రం, చలికాలంలో వేసుకోబోయే సాక్సుతోనే తీసుకోవాలి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, అన్నింటికన్నా పొడవైన వేలి కొస దగ్గర గీత గీస్తే పొడవు తెలుస్తుంది. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

యూరప్ సైజుల్లో ఒక అంకెకూ మరో అంకెకూ తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. ఇక్కడి దుకాణాల్లో వాడే బ్రిటిష్ సైజుల్లో ఆ తేడా దాదాపు 8.5. మార్చి చెప్పేటప్పుడు పొరపాట్లు జరిగేది ఇక్కడే. అంకెను వదిలి సెంటీమీటర్లు పట్టుకోవడం క్షేమం. షిమానో పట్టికలో 42 అంటే 26.5 సెంటీమీటర్లు, 43 అంటే 27.2. మరో కంపెనీలో అదే 42 ఇంకోలా ఉండొచ్చు. వేళ్ల ముందు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు.

పొడవు కుదిరినా వెడల్పు కుదరకపోవడం మన దగ్గర తరచూ కనిపించే ఇబ్బంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, భారతీయుల పాదాలు ఐరోపావారి కన్నా వెడల్పని తేల్చింది. దాని ఆధారంగానే ‘భా’ అనే స్వదేశీ కొలత విధానం ప్రతిపాదనలోకి వచ్చింది. ఐరోపా అచ్చుల మీద కుట్టిన సైకిల్ షూలు ముందు భాగంలో ఇరుకు. ఒక సైజు పెంచుకుంటే వెడల్పు వస్తుంది గానీ పొడవు ఎక్కువై మడమ ఆడుతుంది. అదే మోడల్‌లో వెడల్పు రకం ఉందేమో అడిగి, అది తీసుకోవడం మేలు.

గొంగడి చెప్పే సాక్సు పాఠం

మహబూబ్‌నగర్ గొర్రెలకు పేరుపడ్డ ప్రాంతం. కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుని మంచులో, వానలో మందను కాస్తారు. తడిసిన గొంగడి బరువెక్కుతుంది కానీ వెచ్చదనం పూర్తిగా వదలదు. ఉన్ని పోగు తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపలికి పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. పత్తి పోగు చెమటను పట్టుకుని, చర్మానికి అంటుకుని చల్లబరుస్తుంది. సైకిల్ సాక్సుకూ ఇదే లెక్క. దక్కనీ ఉన్ని ముతక, సాక్సుకు గుచ్చుకుంటుంది. మెరీనో గొర్రె ఉన్ని సన్నన. ఇక్కడి చలికి పలుచటి లేదా మధ్యరకం మెరీనో చాలు. అంత ఖర్చు వద్దనుకుంటే పాలిస్టర్, నైలాన్ కలిసిన క్రీడా సాక్సు తీసుకోవచ్చు. నూరు శాతం కాటన్ మాత్రం వద్దు.

చీలమండ పైదాకా వచ్చే సాక్సు మంచిది. చర్మం కిందే రక్తనాళాలు పోయే చోటు కాబట్టి అక్కడ గాలి తగలనీయకపోతే వేళ్లకూ మేలు. దూరప్రయాణంలో ఒక పొడి జతను ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకుంటే, సాయంత్రం చల్లబడే ముందు మార్చుకోవచ్చు.

విప్పి జేబులో పెట్టుకునే పొరలు

అన్నింటికన్నా చవకైనది టేపు. ఇన్‌సోల్ ఎత్తి, సోల్ రంధ్రాలను లోపలి వైపు నుంచి టేపుతో మూసేస్తే అడుగు నుంచి వచ్చే గాలి ఆగుతుంది. తర్వాతది టో కవర్. షూ ముక్కుకు మాత్రమే తొడిగే ఈ చిన్న టోపీ అరచేతిలో ఇమిడిపోతుంది. 12 నుంచి 16 డిగ్రీల ఉదయాలకు చాలామందికి ఇదే సరిపోతుంది. 10 కిందికి దిగే రోజులకు, రాత్రి బ్రెవేలకు, ఘాట్ దిగడానికి పూర్తి షూ కవర్ ఉంటే మంచిది. మందపాటి నియోప్రీన్ బెల్జియం వాన కోసం పుట్టింది. పలుచటి, గాలి చొరని బట్టతో చేసింది ఇక్కడికి నప్పుతుంది, మడిచి వెనక జేబులో పెట్టుకోవచ్చు కూడా.

కవరును షూతో కలిపే తొడిగి చూడాలి. అడుగున క్లీట్‌కు వదిలిన రంధ్రం తన క్లీట్‌కు సరిపోతుందా, జిప్పు మడమ వెనక ఒరుసుకుంటుందా, క్రాంకుకు తగులుతుందా అన్నవి అక్కడే తేలాలి. మడమ మీద మెరిసే పట్టీ ఉన్నది తీసుకుంటే మరో లాభం ఉంది. పైకీ కిందికీ ఆడే కాలి మీద వెలుగు పడితే, అక్కడున్నది సైకిల్ తొక్కుతున్న మనిషని వెనక లారీ డ్రైవరు తొందరగా పోల్చుకుంటాడు.

నవంబరు, డిసెంబరుల్లో తుపాన్లు వస్తే లెక్క మారుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తెలంగాణ జిల్లాల్లోనూ వానలు పడ్డాయి. అలాంటి వానలో నీరు చొరని షూ కూడా చీలమండ దగ్గర నుంచి నిండుతుంది, నిండాక బయటికి పోదు. తడవడం తప్పదని ఒప్పుకుని, తొందరగా ఆరే షూ వేసుకోవడం నయం. రేగడి నేల మీద కాలు పెడితే క్లీట్‌లో మట్టి పేరుకుని పెడల్ పట్టదు. పుల్లతోనో పాత టూత్‌బ్రష్‌తోనో గీకాలి. తడిసిన షూను ఇంటికి రాగానే ఇన్‌సోల్ తీసి, పాత దినపత్రిక ఉండలు కుక్కి, గంటకోసారి మార్చాలి. పొయ్యి దగ్గర పెడితే సోల్ జిగురు వదులుతుంది.

కొందరు అదనంగా చూసుకోవాల్సినవి

మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బిగువు, ఒరిపిడి, చలి ఏవీ వెంటనే తెలియవు. వారు ప్రతి రైడ్ తర్వాత వేళ్ల సందులు, మడమలు కళ్లతో చూసుకోవాలి. కొత్త షూ మొదట్లో తక్కువ దూరాలకే వాడాలి, ఎలాంటి పుండు కనిపించినా డాక్టరు దగ్గరికి పోవాలి. కొందరికి కొద్ది చలికే వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారతాయి. 1862లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో వర్ణించిన ఈ స్థితికి ఆయన పేరే ఉంది. వీరికి టో కవర్ చాలదు, ఒంటి మీద పొరలూ పెంచాలి. ఛాతీ, మోకాళ్లు వెచ్చగా ఉంటే శరీరం పాదాలకు రక్తం పంపడానికి అంతగా వెనకాడదు.

ఖర్చు పెట్టే వరుస

డబ్బు ఒకేసారి పోయనక్కర్లేదు. ముందు కుదిరిన షూ. ఇది ఏడాదంతా పనికొస్తుంది కాబట్టి బడ్జెట్‌లో పెద్ద వాటా దీనికే. తర్వాత రెండు జతల మంచి సాక్సులు, ఆ తర్వాత టో కవర్. పూర్తి షూ కవర్ వంతు రాత్రి రైడ్లో, ఘాట్ దారులో, 10 కిందికి దిగే ఉదయాలో మొదలైనప్పుడే వస్తుంది.

కొన్నదాన్ని నేరుగా బ్రెవేకు తీసుకుపోకుండా దగ్గరి దారిలో పరీక్షించాలి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా పోయి వస్తే ముప్పై కిలోమీటర్లు, నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయి వస్తే నలభై దాకా ఉంటుంది. తెల్లారకముందే బయలుదేరి మూడు సంగతులు గమనించాలి: వేళ్లు ఎన్ని కిలోమీటర్లకు మొద్దుబారాయి, ఏ వేళకు కవర్ విప్పాలనిపించింది, ఇంటికొచ్చాక సాక్సు ఎక్కడ తడిసింది. వేళ్ల దగ్గర తడిస్తే కవర్ ఎక్కువైనట్టు. తడి లేకుండా వేళ్లు చల్లబడితే గాలి చొరబడుతున్నట్టు, లేదా షూ బిగువైనట్టు. మరుసటి రైడ్‌కు ఒక్కటే మార్చి చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. క్లీట్ బోల్టులు ఈ మొదటి రైడ్ల తర్వాత వదులవుతుంటాయి కాబట్టి అలెన్ కీతో మరోసారి బిగించాలి.

శివరాత్రి నాటికి ఈ సరంజామా పని అయిపోతుంది. కవర్లను చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేసి, మడవకుండా తగిలించి ఉంచితే వచ్చే కార్తీకానికి సాగకుండా ఉంటాయి. సోల్ లోపలి టేపు కూడా అప్పుడే పీకేయాలి. మరిచిపోయినవారికి మార్చి మొదటి వారంలో, దేవరకొండ ఎండలో అది గుర్తొస్తుంది.